సూపర్‌హీరో బాణీ, జాజ్ బాణీ: ఒక సంవాదం

సూపర్‌హీరో సినిమాలకూ టీవీ ధారావాహికలకూ కట్టిన థీమ్ సంగీతాన్ని జాజ్ కళాకారులు తమ పద్ధతిలో తిరిగి వాయించడం 1966లో అమెరికాలో ఊపందుకుంది. ఆ ఏడాది జనవరి 12న ఏబీసీ చానల్‌లో బ్యాట్‌మ్యాన్ ధారావాహిక మొదలైంది. కొద్ది నెలల్లోనే దాని థీమ్‌ను గిటారు బృందాలు, వాద్యబృందాలు, జాజ్ వాద్యకారులు ఎవరి తీరులో వాళ్లు రికార్డు చేసేశారు. అప్పటి నుంచి ప్రతి తరంలోనూ ఈ పని జరుగుతూనే ఉంది.

థీమ్ అంటే కథానాయకుడి రాకను చాటే చిన్న బాణీ. ఎన్నిసార్లు విన్నా ఒకేలా ఉండాలి, వినగానే మనిషి గుర్తుకు రావాలి. జాజ్ అంటే తెలిసిన పాటను తీసుకుని అప్పటికప్పుడు అల్లుకుపోయే విద్య. అందులో ఏ పాటా రెండోసారి మొదటిసారిలా ఉండదు. మారకూడనిదాన్ని మార్చకుండా ఉండలేనివాళ్ల చేతికిస్తే ఏమవుతుందన్నదే ఇక్కడి వాదం. పూర్వపక్షం సినిమా సంగీతం తరఫున మాట్లాడుతుంది, ఉత్తరపక్షం జాజ్ తరఫున.

పూర్వపక్షం: థీమ్ అసలు పని గుర్తుపట్టించడం. 1978లో వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమాకు జాన్ విలియమ్స్ కట్టిన మార్చ్ (కవాతు బాణీ) వినండి. షడ్జ పంచమాలను పట్టుకుని పైకి ఎగిరే ఆ బాకాల పిలుపుతోనే హాల్లో కూర్చున్నవాళ్లు నిటారుగా లేస్తారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా అంతటి బృందం ఒక్క మనిషిలా వాయించిన సంగీతమది. దాన్ని నలుగురు వాద్యకారులు ఓ చిన్న గదిలో ఊగిస్తూ, సాగదీస్తూ వాయిస్తే మిగిలేది ఏమిటి? ఒక రాజ్యపు జెండాను విప్పి, ఆ గుడ్డతో చొక్కా కుట్టుకున్నట్టుంటుంది. గుడ్డ బాగుండవచ్చు, కుట్టు పని ఇంకా బాగుండవచ్చు. జెండా మాత్రం పోయినట్టే.

ఉత్తరపక్షం: సూపర్‌మ్యాన్ దగ్గరికి తప్పకుండా వద్దాం. ముందు 1966 బ్యాట్‌మ్యాన్ బాణీ కట్టిందెవరో చూడండి. ఆయన నీల్ హెఫ్టీ. సినిమా సంగీతానికి రాకముందు ఆయన జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, ఏ వాద్యం ఏం వాయించాలో రాసే అరేంజర్. 1940లలో వూడీ హెర్మన్ బృందంలో వాయించాడు, ఆ బృందానికి బాణీలు రాశాడు. తరువాత కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాకు రాశాడు. 1957లో రికార్డయిన బేసీ ఆల్బమ్ ‘ది అటామిక్ మిస్టర్ బేసీ’లో బాణీలూ అరేంజ్‌మెంట్లూ ఆయనవే. అందులోని ‘లిల్ డార్లిన్’ను బిగ్‌బ్యాండ్లు, అంటే పెద్ద జాజ్ బృందాలు, నేటికీ వాయిస్తాయి. అది ఎంత నెమ్మదిగా నడుస్తుందంటే, ప్రతి వాద్యకారుడూ తర్వాతి దెబ్బ కోసం ఊపిరి బిగబట్టాలి. బ్యాట్‌మ్యాన్ థీమ్‌కు హెఫ్టీకి గ్రామీ బహుమతి వచ్చింది. అది వాయించిన జాజ్ కళాకారులు పరాయి ఇంట్లో దూరలేదండీ, తమ ఇంటి నుంచి వెళ్లిన బిడ్డనే ఇంటికి పిలుచుకున్నారు.

ఈ మాట ఎంతవరకు నిజమో తేలాలంటే బాణీ నిర్మాణం చూడాలి. బ్యాట్‌మ్యాన్ థీమ్ 12 బార్‌ల బ్లూస్. బార్ అంటే పాశ్చాత్య తాళంలో ఒక కొలత, ఇక్కడ ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు. కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి మోగడాన్ని కార్డ్ అంటారు. మొదటి నాలుగు బార్‌లూ షడ్జమం మీది కార్డ్‌లో నిలిచి ఉంటాయి. తరువాతి రెండూ మధ్యమం మీదికి వెళతాయి, ఆపై రెండూ షడ్జమానికి తిరిగి వస్తాయి. తొమ్మిదోది పంచమాన్ని, పదోది మధ్యమాన్ని తాకాక చివరి రెండూ ఇల్లు చేరతాయి. బ్లూస్ గాయకులు దశాబ్దాల తరబడి పాడుకున్న దారి ఇదే.

ఈ దారి మీద గిటారు వాయించే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే స్వరాల ముక్క, ఇంకా చిన్నది. ఒక్కో స్వరం రెండేసి సార్లు మోగుతూ, అరస్వరం చొప్పున రెండు మెట్లు దిగుతుంది. ఒక మెట్టు ఎక్కి, మళ్లీ మొదలుపెట్టిన చోటికే వస్తుంది. గోడ వారన నక్కి నడిచేవాడి అడుగుల సవ్వడిలా ఉంటుంది ఆ కదలిక. దాని మీద బాకాలు కొట్టినట్టు మోగుతుంటే గాయకులు హీరో పేరు పలుకుతారు. అర్థమున్న మాట పాటంతటిలో ఆ ఒక్కటే. ఇంత తక్కువ సరుకుతో ఇంత పని చేయించడం బిగ్‌బ్యాండ్‌లో నేర్చే విద్య. అక్కడ ఇత్తడి వాద్యాల వరుస ఒక చిన్న రిఫ్‌ను పట్టుకుని తిప్పుతూ ఉంటే, సోలో వాద్యకారుడు దాని మీద తన కథ చెబుతాడు.

పూర్వపక్షం: మీరు చెప్పిందే నా అనుమానాన్ని గట్టిపరుస్తోంది. 12 బార్‌ల బ్లూస్ వేల పాటలకు ఆధారం. ఆ 12 బార్‌ల మొదటి చుట్టులో హెఫ్టీ రిఫ్ వాయిస్తారు, సరే. రెండో చుట్టు నుంచి శాక్సోఫోన్ సోలో మొదలవుతుంది. రిఫ్ పోయి కార్డ్‌లు మాత్రం మిగులుతాయి. మూడో చుట్టులో తలుపు తీసుకుని లోపలికి వచ్చిన శ్రోత అది బ్యాట్‌మ్యాన్ అని చెప్పగలడా? ఏదో ఒక బ్లూస్ అంటాడు. అప్పుడు బ్యాట్‌మ్యాన్ పేరు రికార్డు అట్ట మీదే ఉంది గానీ సంగీతంలో లేదు.

ఉత్తరపక్షం: ఈ ప్రశ్న జాజ్‌కు కొత్త కాదు, బలమైనదే. జవాబు సోలో వాయించేవాడి నిజాయితీలో ఉంది. జాన్ కోల్ట్రేన్ 1960లో ‘మై ఫేవరెట్ థింగ్స్’ రికార్డు చేశాడు. అంతకుముందు ఏడాదే బ్రాడ్‌వే రంగస్థలం మీదికి వచ్చిన ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లోని పాట అది. దాదాపు 14 నిమిషాల ఆ రికార్డులో అసలు పాటలోని కార్డ్‌ల వరుసను ఆయన చాలావరకు పక్కన పెట్టాడు. రెండే కార్డ్‌ల మధ్య ఊగే నేల మీద సొప్రానో శాక్సోఫోన్‌తో గంతులేశాడు. అయినా శ్రోత తప్పిపోడు. మూడు దెబ్బల నడక ఒక్కసారి కూడా ఆగదు, పల్లవి మాటిమాటికీ తిరిగి వస్తూ ఉంటుంది. మన కచేరీలో విద్వాంసుడు కీర్తనలోని ఒక్క పాదం పట్టుకుని నెరవల్ చేసినప్పుడు రాగాన్ని ఎటు తీసుకెళ్లినా ఆ పాదం ఎత్తుగడకు వచ్చి చేరతాడు. ఆ చేరడంలోనే ఉంది విశ్వాసం. బ్యాట్‌మ్యాన్ రిఫ్‌ను బాస్ చేతికిచ్చి, దాన్ని అలాగే నడవనిస్తూ పైన సోలో వాయిస్తే మూడో చుట్టులో వచ్చిన మనిషీ గుర్తుపడతాడు.

పూర్వపక్షం: పోలిక బాగుంది గానీ తేడా ఉంది. కచేరీలో సాధారణంగా కీర్తన పాడాక నెరవల్, స్వరకల్పన. సాహిత్యం ఉంది కాబట్టి పాదం నిలబడుతుంది. ఇక్కడ ఉన్నది ఎనిమిది స్వరాల రిఫ్, ఒక పేరు.

ఉత్తరపక్షం: తక్కువ ఉండటమే మేలైంది. నిండుగా కట్టిన ఇంట్లో మంచం వేసుకోవడానికి చోటుండదు. హెఫ్టీ వాకిలి వదిలాడు.

ఈ వాదాన్ని పరీక్షకు పెట్టే రికార్డు ఒకటుంది. 1966లోనే టిఫ్టన్ అనే చవక రికార్డుల కంపెనీ ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చింది. వాయించినవాళ్లు డాన్, డేల్ అనే గిటారు కళాకారులని అట్ట మీద ఉంది. నిజానికి ఆ పేరు వెనుక ఉన్నది రెండు బృందాలవాళ్లు: న్యూయార్క్‌కు చెందిన బ్లూస్ ప్రాజెక్ట్ బృందం, సన్ రా నడిపే ఆర్కెస్ట్రా. నిర్మాత టామ్ విల్సన్. 1950లలో సన్ రా తొలి ఆల్బమ్‌ను తెచ్చింది కూడా ఆయనే. ఆర్గన్ మీద సన్ రా, శాక్సోఫోన్ల మీద జాన్ గిల్మోర్, మార్షల్ ఆలెన్, పాట్ ప్యాట్రిక్. ఆ కాలపు అమెరికాలో అత్యంత సాహసమైన జాజ్ వాయిస్తున్నవాళ్లు వీళ్లు.

పూర్వపక్షం: ఇది మీకు వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యం. పిల్లల ఉత్సాహాన్ని సొమ్ము చేసుకోవాలని తెచ్చిన రికార్డు అది. హెఫ్టీ బాణీ మొదటి పాటలోనే ఉంది. మిగిలినవాటికి బ్యాట్‌మ్యాన్ కథలోని పేర్లు పెట్టి, కాపీరైట్ లేని చైకోవ్‌స్కీ, షోపాన్ బాణీల మీద వాయించారు. హక్కులకు డబ్బు కట్టనక్కరలేకుండా చేసిన ఏర్పాటు అది. ఇందులో పునస్సృష్టి ఎక్కడుంది?

ఉత్తరపక్షం: కంపెనీ ఉద్దేశం మీరు చెప్పిందే. కానీ రికార్డు పెట్టి వినండి. ఆర్గన్ ఎక్కడా పిల్లల రికార్డులా మోగదు. గిటారు రిఫ్ కొడుతూ ఉంటే దాని కింద ఆర్గన్ ముదురుగా, ఉడుకుతున్నట్టుగా మోగుతుంది. శాక్సోఫోన్ తన వంతు రాగానే బ్లూస్ గొంతుతో అరుస్తుంది. ఆ పూట కూలి కోసం వచ్చినవాళ్లు కూలి పని చేయలేదు. తమకు తెలిసిన సంగీతమే వాయించారు. పైగా సన్ రాకు ఈ సంగీతం చులకన కాదు. 1980ల చివర్లో ఆయన తన ఆర్కెస్ట్రాతో డిస్నీ సినిమా పాటలను కచేరీల్లో ఎంతో గౌరవంగా వాయించాడు. తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకుని, మెరిసే అంగీలు వేసుకుని వేదికెక్కే మనిషికి, ముసుగు వేసుకుని ఊరిని కాపాడే హీరో కథ దగ్గరిదే అనిపించి ఉండాలి. నాకైతే 1966 నాటి బ్యాట్‌మ్యాన్ రికార్డుల్లో హెఫ్టీది తప్పిస్తే ఇదే మేటి.

పూర్వపక్షం: మొదటి పాట వరకు ఒప్పుకుంటాను. మిగిలినవి పేరుకే బ్యాట్‌మ్యాన్.

పేరుకే బ్యాట్‌మ్యాన్ అన్న మాటకు ఇంకా గట్టి ఉదాహరణ జాన్ జోర్న్ బృందం నేకెడ్ సిటీది. 1990లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో తొలి పాట పేరు ‘బ్యాట్‌మ్యాన్’. గిటారు మీద బిల్ ఫ్రిసెల్, బాస్ మీద ఫ్రెడ్ ఫ్రిత్, డ్రమ్స్ మీద జోయీ బ్యారన్, కీబోర్డ్ మీద వేన్ హోర్విట్జ్, ఆల్టో శాక్సోఫోన్ మీద జోర్న్. రెండు నిమిషాల ఆ పాటలో గూఢచారి సినిమా సంగీతం, సర్ఫ్ గిటార్, చెవులు చిల్లులు పడే శాక్సోఫోన్ కేక ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కానీ అందులో హెఫ్టీ రిఫ్ లేదు. బాణీ జోర్న్ సొంతం. అదే ఆల్బమ్‌లో జేమ్స్ బాండ్ థీమ్‌ను మాత్రం అసలు బాణీతోనే వాయించారు.

పూర్వపక్షం: చూశారా, చివరికి చేరే చోటు ఇదే. మొదట రిఫ్‌ను సాగదీస్తారు, తరువాత కార్డ్‌లు మారుస్తారు, ఆఖరికి పేరు తప్ప ఏదీ మిగలదు.

ఉత్తరపక్షం: జోర్న్ దాన్ని తన బాణీగానే ప్రకటించాడు, ఎవరినీ మోసగించలేదు. అది పునర్వాదనం కాదు, బ్యాట్‌మ్యాన్ లోకం గురించి కొత్తగా కట్టిన పాట. గీత ఎక్కడ గీయాలన్నదే మీ బాధ అయితే, ఆ గీత అమెరికా కాపీరైట్ చట్టంలో రాసి ఉంది. ఒకసారి హక్కుదారు అనుమతితో రికార్డుగా వెలువడిన పాటను, నిర్ణీత రుసుము కడితే ఎవరైనా మళ్లీ రికార్డు చేయవచ్చు. ఈ వెసులుబాటుకు పునాది 1909 నాటి చట్టం. ఇప్పుడది 115వ సెక్షన్‌గా ఉంది. వాయించేవాళ్ల శైలికి తగ్గట్టు పాటను మలుచుకోవచ్చని, కానీ మూల స్వరరచననూ ఆ కృతి మౌలిక స్వభావాన్నీ మార్చకూడదని అది చెబుతుంది.

పూర్వపక్షం: మౌలిక స్వభావం అంటే నేను చెబుతున్నదే!

ఉత్తరపక్షం: అవును, ఆ మాట మీదే. కానీ శైలికి తగ్గట్టు మలుచుకోవచ్చన్న మాట నాది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

పూర్వపక్షం: సరే. అసలు బాణీ అంటూ ఒకటి ఉందని, దాన్ని గౌరవించాలని మీరూ ఒప్పుకున్నట్టే.

ఉత్తరపక్షం: ఒప్పుకుంటాను. కానీ ఆ అసలు బాణీ ఎక్కడ మొదలైందో వెతికితే కొన్నిసార్లు చిత్రంగా ఉంటుంది. 1966లోనే ఏబీసీలో ‘ది గ్రీన్ హార్నెట్’ అనే మరో ధారావాహిక వచ్చింది. కేటో పాత్రలో బ్రూస్ లీ నటించింది అందులోనే. దాని థీమ్ రిమ్‌స్కీ-కోర్సకోవ్ ‘ఫ్లైట్ ఆఫ్ ది బంబుల్‌బీ’. 1900లో ప్రదర్శించిన రష్యన్ ఒపేరాలోని తుమ్మెద సంగీతం. ఆ హీరో రేడియోలో ఉన్న రోజుల నుంచీ దాన్నే వాడుతున్నారు. టీవీకి వచ్చేసరికి బిల్లీ మే దాన్ని జాజ్‌గా మార్చి రాశాడు, న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్ వాద్యకారుడు అల్ హర్ట్ వాయించాడు. ఊపిరి తీసుకునే సందు లేని ఆ తుమ్మెద ఝుంకారాన్ని ట్రంపెట్ మీద అంత తేలిగ్గా వాయించడం మాటలు కాదు. 2003లో ‘కిల్ బిల్’ మొదటి భాగంలో అదే రికార్డింగ్ మళ్లీ వినిపించి కొత్త తరానికి చేరింది. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఏది అసలు, ఏది పునర్వాదనం? గ్రీన్ హార్నెట్ అనగానే జనం చెవిలో మోగేది రష్యన్ ఆర్కెస్ట్రా కాదు, అల్ హర్ట్ ట్రంపెట్టే.

పూర్వపక్షం: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. అక్కడ జాజ్ రూపమే జెండా అయింది.

1967లో మొదలైన స్పైడర్-మ్యాన్ కార్టూన్‌లోనూ హీరో బాణీకీ జాజ్‌కూ ఉన్న ఈ పొత్తు కనిపిస్తుంది. థీమ్‌కు బాణీ బాబ్ హ్యారిస్, సాహిత్యం పాల్ ఫ్రాన్సిస్ వెబ్‌స్టర్. జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ ప్రసిద్ధ గీతం ‘ఐ గాట్ ఇట్ బ్యాడ్’కు 1941లో సాహిత్యం రాసింది ఈ వెబ్‌స్టరే. నేపథ్య సంగీతం సమకూర్చిన రే ఎల్లిస్ 1958లో జాజ్ గాయని బిల్లీ హాలిడే ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బమ్‌కు అరేంజర్. హల్క్ టీవీ ధారావాహికలో ఒంటరిగా రోడ్డు పట్టి వెళ్లే మనిషికి పియానో బాణీ కట్టిన జో హార్నెల్ కూడా జాజ్ తెలిసిన పియానో వాద్యకారుడే. 2004లో కెనడా గాయకుడు మైకేల్ బుబ్లే స్పైడర్-మ్యాన్ థీమ్‌ను బిగ్‌బ్యాండ్ ధోరణిలో పాడాడు. ఆ పాట చక్కగా ఊగుతుంది, కానీ కొత్తదారి తొక్కదు. పాటను ఉన్న చోటే ఉంచి దుస్తులు మార్చినట్టుంటుంది. ఈ విషయంలో రెండు పక్షాలకూ తేడా రాలేదు.

పూర్వపక్షం: మరి సూపర్‌మ్యాన్ సంగతి? మొదట తప్పించుకున్నారు.

ఉత్తరపక్షం: తప్పించుకోలేదు, చివరికి ఉంచాను. అక్కడ గెలుపు చాలావరకు మీదే. జాన్ విలియమ్స్ జాజ్ తెలియని మనిషి కాదు. తండ్రి రేమండ్ స్కాట్ క్వింటెట్‌లో డ్రమ్స్ వాయించేవాడు. హెన్రీ మాన్సినీ కట్టిన ‘పీటర్ గన్’ టీవీ సంగీతంలో పియానో వాయించింది యువకుడు విలియమ్సే. జాజ్ చేతిలో ఉండి కూడా సూపర్‌మ్యాన్‌కు దాన్ని వాడలేదు. ఆ మార్చ్‌లో అడుగులు ముందే లెక్కపెట్టి ఉన్నాయి. ఒక్కో దెబ్బనూ మూడుగా చీల్చే నడక దాన్ని ముందుకు నెడుతుంది. జాజ్ స్వింగ్ కూడా దెబ్బను అటూ ఇటూగా మూడుగా చీల్చేదే, కాని అక్కడ నడక వెనక్కి వాలుతుంది, సందు వదులుతుంది. విలియమ్స్ సందు వదలడు. బాకాలు ఊపిరి తీసుకునే చోట తీగవాద్యాలు నిండిపోతాయి. సోలో వాద్యకారుడు నిలబడటానికి చోటే లేదు. దాన్ని జాజ్‌గా వాయించాలంటే చాలా నెమ్మది చేసి, ప్రేమ గీతంలా పియానో ఒక్కదాని మీద వాయించాలి. అప్పుడది బాగుండవచ్చు గానీ అందులో ఎగిరే మనిషి ఉండడు.

పూర్వపక్షం: ఇదే నేను మొదటి నుంచీ చెబుతున్నది.

ఉత్తరపక్షం: సూపర్‌మ్యాన్ గురించి చెప్పారు, నిజమే. సూపర్‌హీరోలందరి గురించీ చెప్పారు, అది నిజం కాదు. 2004లో పిక్సార్ సంస్థ ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ తీసినప్పుడు మైకేల్ జియాకినో సంగీతం మొత్తం బిగ్‌బ్యాండ్ జాజ్ మీద కట్టాడు. 1960ల ధ్వని కోసం అనలాగ్ టేపు మీద రికార్డు చేయించారు. అక్కడ జాజ్ తరువాత వచ్చి చేరిన రూపం కాదు, హీరోల అసలు గొంతే అది.

పూర్వపక్షం: పాత టీవీ కాలాన్ని గుర్తు చేయడానికి వాడారు కదా?

ఉత్తరపక్షం: ఆ ధ్వనిలో హీరోతనం ముందే లేకపోతే గుర్తు చేయడానికి ఏముంటుంది? 2008 ఐరన్ మ్యాన్ సినిమాలో టోనీ స్టార్క్ జూదశాలలో కనిపించే ఘట్టం చూడండి. 1966 ఐరన్ మ్యాన్ కార్టూన్‌కు జాక్ అర్బాంట్ కట్టిన థీమ్‌ను జాన్ ఓబ్రయన్, రిక్ బోస్టన్ బిగ్‌బ్యాండ్ పద్ధతిలోకి మార్చారు. అప్పటికి ఇంకా హీరో కాని, డబ్బూ మత్తూ తప్ప పట్టని మనిషి చుట్టూ అతను కాబోయే హీరో బాణీ మోగుతుంది. కవచం లేకుండా, మెత్తగా. తెలిసినవాడు గుర్తుపడతాడు, తెలియనివాడు జూదశాల సంగీతం అనుకుంటాడు. జెండాను చొక్కాగా కుట్టినా కథ చెప్పిందక్కడ.

పూర్వపక్షం: దానికి అభ్యంతరం లేదు. ఒక్క షరతు మాత్రం వదలను. మొదటి చుట్టులో బాణీ మొత్తం, మార్చకుండా, కట్టినవాడు రాసినట్టే వినిపించాలి. తరువాత మీ ఇష్టం.

ఉత్తరపక్షం: ఆ షరతు జాజ్ ఎప్పటి నుంచో పాటిస్తున్నదే. చివరి చుట్టులో కూడా వినిపిస్తారు. నాదీ ఒక షరతు ఉంది. బాణీ కట్టినవాడి పేరుతో పాటు వాయించినవాళ్ల పేర్లూ అట్ట మీద ఉండాలి.

పూర్వపక్షం: అది న్యాయం.

1966 టిఫ్టన్ రికార్డు అట్ట మీద సన్ రా పేరు లేదు, గిల్మోర్ పేరు లేదు. డాన్, డేల్ పేర్లే ఉన్నాయి.